‘నన్ను తొయ్యి’ అన్న టీచర్

నిన్న పొద్దున మా తాయిచీ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది, కింద రెండే లైన్లు. మా టీచర్ పోయింది. నిద్రలోనే పోయిందట, తొంభైకి కాస్త ఇటుగా. ఫోటోలో ఆవిడ కెమెరా వంక చూడటం లేదు. పక్కనున్న కెనడా బాతుని వేలెత్తి తిడుతోంది. ఆ ఫోటో ఎవరు ఏరారో గానీ వాళ్ళకి పుణ్యం ఉంటుంది. కళ్ళు మూసుకుని ప్రశాంతంగా నవ్వుతున్న ఫోటో ఏదన్నా పెట్టి ఉంటే నేను గుర్తుపట్టేదాన్ని కాదు.

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక పార్కు, అందులో సరస్సు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆవిడ ఆ సరస్సు పక్కన గడ్డిలో ఉండేది. శనివారాలు మాకు క్లాసు. ఎనిమిదంటే ఎనిమిదే. ఆలస్యంగా వస్తే తిట్టేది కాదు, మనం వచ్చిన సంగతే గమనించనట్టు ఉండేది. తిట్టినా బాగుండేది అనిపించేది. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. తన కొడుకు ఆఫీసులో ఊరికే పంచిన చేతుల్లేని ఫ్లీస్ వెస్టు ఒకటి, దాని మీద ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ బొమ్మ, ఎండైనా వానైనా అదే. చేతిలో ఫ్లాస్కు. అందులో టీ ఉంటుందని నేను ఆర్నెల్లు అనుకున్నాను. ఉత్త వేడినీళ్ళు. ఎవరైనా ఐసు గలగల్లాడే కాఫీ కప్పుతో వస్తే ఆ కప్పుని చచ్చిన ఎలకని చూసినట్టు చూసేది.

నేను చేరింది భుజం నొప్పికి. ఎడమ చెయ్యి పైకి లేవటం లేదు, జడ వేసుకోలేకపోతున్నాను. ఫిజికల్ థెరపీ అయ్యాక డాక్టరు, “తాయిచీ ట్రై చెయ్యండి,” అన్నాడు. సరే పోనీ, చైనా ముసలివాళ్ళు పార్కుల్లో నెమ్మదిగా చేసే ఎక్సర్‌సైజు, నాకేం కష్టం అనుకుని వెళ్ళాను. నా మొహం! మొదటి రోజు అరగంట ఊరికే నిలబెట్టింది. తొడలు వణికిపోయాయి.

క్లాసు మొదట్లో అందరం వరసగా నిలబడి రెండు చేతులూ కలిపి నమస్కారం పెట్టాలి. మన నమస్కారం కాదు, ఒక చెయ్యి ఇంకో చేతిని కప్పాలి. మగవాళ్ళకి ఎడమ చెయ్యి పైన, ఆడవాళ్ళకి కుడి చెయ్యి పైన. ఒక శనివారం కొత్తగా వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి అడిగేసింది, ఇక్కడ కూడా ఆడా మగా తేడా ఎందుకని. టీచర్‌కి కోపం వస్తుందేమోనని నేను బిక్కచచ్చాను. ఆవిడేమో, “మా మేనత్త గుళ్ళో అలాగే పెట్టేవాళ్ళు. పెట్టేశావా? ఐపోయింది. ఇక తేడా లేదు, కాళ్ళు వంచు,” అంది.

ఆ మేనత్త కథ మాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. చైనాలో ఎక్కడో కొండ మీద తావో మతంవాళ్ళ గుడి. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకుని పంతొమ్మిదేళ్ళకే అక్కడికి పోయి సన్యాసిని అయిందట. అక్కడ ఆడా మగా అందరికీ నడినెత్తిన ఒకటే ముడి, ఒకటే నీలం అంగీ, పిలిచే పిలుపు కూడా ఒకటే. గుడి కప్పు కారితే ఎక్కి పెంకులు సర్దింది ఆ మేనత్తే. మా టీచర్ చిన్నప్పుడు అక్కడ కొన్నేళ్ళు పెరిగింది. ఆ తరవాత ఎలా ఈ దేశం వచ్చింది, ఎన్నేళ్ళు బట్టలు కుట్టింది, ఇవేవీ ఆవిడ చెప్పేది కాదు. అడిగితే, “కుట్టాను, మానేశాను,” అనేది.

నా మొదటి గురుపూర్ణిమకి ఒక పిచ్చిపని చేశాను. మనకి గురువు కదా అని క్లాసు అయ్యాక వెళ్ళి వంగి పాదాలు ముట్టుకోబోయాను. ఆవిడ చటుక్కున నాతోపాటు కింద కూచుంది. “ఏం పడిపోయింది? రింగా? కాంటాక్ట్ లెన్సా?” అని గడ్డి అంతా చేత్తో దువ్వడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న నలుగురూ కూచుని వెతికారు. ఏమీ పడలేదు, ఇది మా పద్ధతి అని చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆవిడ అంతా విని, “ఓహో! నీకు కిందకి వెళ్ళడం బాగా వచ్చు. ముందే తెలిస్తే ఆ పాఠం మానేసేదాన్ని,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు అర్థం కాలేదు.

అర్థమైంది కొన్నాళ్ళకి. ఒకరోజు క్లాసు చివర్న పాత గురువులు చెప్పిన మాట అంటూ చెప్పింది, నీళ్ళలాగా పల్లానికి పోవాలి, ఆడదానిలా మెత్తగా ఉండాలి, మెత్తనిదే చివరికి గెలుస్తుంది అని. నాకు ఒళ్ళు మండింది.

“టీచర్, ఈ మాట వినడానికి నేను ఫ్రీమాంట్ దాకా రావక్కర్లేదు. మా వైపు ప్రతి ఇంట్లోనూ చెప్తారు. ఆడదానివి, తగ్గి ఉండు, సర్దుకుపో. పుట్టినప్పట్నుంచీ అదే వింటున్నాను,” అన్నాను.

ఆవిడ నారింజపండు ఒలుస్తోంది. తొక్క తెగకుండా ఒకటే తీగగా ఒలిచేది, తెగితే ఆ పండు వేరేవాళ్ళకి ఇచ్చేసేది. తొక్క మీదనుంచి చూపు తిప్పకుండా అడిగింది.

“ఆ మాట గురువులు ఎవరికి చెప్పారు?”

“అందరికీ చెప్పి ఉంటారు.”

“రాజులకి చెప్పారు. సైన్యాలు ఉన్నవాళ్ళకి. మగవాడికి చెప్పారు, ఆడదానిలా ఉండు, కిందకి దిగు అని. పైన ఉన్నవాడు దిగాలి. ముందే కింద నిలబడ్డ మనిషికి దిగు అంటే ఎక్కడికి దిగుతుంది, గొయ్యి తవ్వుకునా?” తొక్క తెగలేదు, తొన నాకిచ్చింది. “మా మేనత్త ఆ మాట చదివినప్పుడల్లా నవ్వేది. మనం మగవాళ్ళకి పాఠంగా పనికొచ్చాం, మరి మనకి పాఠం ఏది అని.”

“ఏదట?”

ఆవిడ లేచి నా రెండు చేతులూ తీసి నా గుండెల మధ్య పెట్టింది. అంతకుముందు నేను యూట్యూబ్‌లో చూసి ధ్యానానికి బొడ్డు కింద పెట్టుకునేదాన్ని. “మగవాళ్ళు అక్కడ మొదలుపెడతారు. ఆడవాళ్ళకి ఇక్కడ. మింగేసిన మాటలన్నీ ఇక్కడ ఉంటాయి. ముందు ఇక్కడ ఖాళీ చెయ్యాలి,” అంది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. పొలమారినట్టు నటించాను.

మింగినవి తక్కువేం కాదు. ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. మంచివారు, నవ్విస్తారు, ఒక్క చెడ్డ అలవాటు లేదు. కానీ నిర్ణయం ఆయన తీసుకుంటారు, నేను సర్దుతాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన కార్ల కంపెనీ ప్రాజెక్టులో ఉన్నప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. రెండు సెమిస్టర్లు కాగానే ఆయనకి న్యూజెర్సీలో జాబ్ వచ్చింది. అక్కడ ఐసెలిన్‌లో చిన్నపిల్లల టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టాను, సగంలో ఉండగా కాలిఫోర్నియా. ప్రతిసారీ ఆయన, “అక్కడా కాలేజీలుంటాయిగా,” అనేవారు. నేను ‘సరే’ అనేదాన్ని. అంత త్వరగా ‘సరే’ అనే భార్య దొరికితే ఏ మగాడు మాత్రం ఆలోచిస్తాడు చెప్పండి. ఫ్రీమాంట్ వచ్చాక నలభై ఐదేళ్ళ వయసులో, మా వాడు కాలేజీకి వెళ్ళిపోయాక, నర్సింగులో చేరాను. పక్కన కూర్చునేవాళ్ళు మా వాడి ఈడువాళ్ళు. ఆస్పత్రిలో మొదటిసారి ఒక పెద్దాయనకి బీపీ చూసినప్పుడు ఆయన నన్ను ‘నర్స్’ అని పిలిచాడు. ఆ రోజు కారులో కూర్చుని పది నిమిషాలు స్టార్ట్ చెయ్యలేదు.

మా ఆయన టీచర్‌ని ‘మీ కుంగ్‌ఫూ బామ్మ’ అనేవారు. ఒకసారి ఫోన్‌లో ఏదో చదివి, “యిన్ అంటే ఆడ, చల్లన, మెత్తన. యాంగ్ అంటే మగ, వేడి, గట్టి. చూశావా మేడమ్, మీ బామ్మ చెప్పేదీ మా అమ్మ చెప్పేదీ ఒకటే,” అని ఏడిపించారు. అది టీచర్‌కి చెప్పాను. ఆవిడ ఒక ఊపిరి లోపలికి పీల్చి, బయటికి వదిలి, “ఈ రెండిట్లో ఏది ఆడది, మీ ఆయన్ని అడుగు. ఏదో ఒకటి మానేసి చూడమను,” అంది. నేను ఇంటికొచ్చి చెబితే మా ఆయన నిజంగానే ఊపిరి బిగపట్టి చూశారు. ఆయన అలాంటి మనిషి.

చేతులు ఆన్చి తోసుకునే అభ్యాసం ఒకటి ఉంది. ఇద్దరు ఎదురెదురుగా ఒక కాలు ముందుకేసి నిలబడి, ముంజేతులు ఆన్చుకుంటారు. ఒకరు తోస్తారు, రెండోవాళ్ళు నడుం తిప్పి ఆ తోపుని పక్కకి పోనివ్వాలి. కాలు కదపకూడదు, చెయ్యి విడవకూడదు. టీచర్ ముంజెయ్యి చాచి, “నన్ను తొయ్యి,” అనేది. అంత పెద్దావిడని తొయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఊరికే ఆన్చేదాన్ని. తరవాత ఆవిడ తోసేది. నేను రెండడుగులు వెనక్కి పోయి, “సారీ టీచర్,” అనేదాన్ని.

“తోసింది నేను. సారీ నువ్వెందుకు?”

మళ్ళీ తోసేది. మళ్ళీ సారీ.

“నువ్వెక్కడికి పోయావు?” అంది ఒకరోజు.

“ఇక్కడే ఉన్నాను టీచర్, మెత్తగా ఉన్నాను. మీరు చెప్పినట్టే.”

“ఇది మెత్తదనం కాదు. తలుపు తట్టాను, ఇంట్లో ఎవరూ లేరు. మెత్తగా ఉండాలంటే ముందు ఉండాలి.”

మా క్లాసులో రిటైరైన ఫైర్‌మన్ ఒకాయన ఉండేవాడు, ఆరడుగుల మూడంగుళాలు. ఆయన జబ్బు నా జబ్బుకి పూర్తిగా ఎదురు, గోడలా బిగుసుకుపోయేవాడు. టీచర్ ప్రతి శనివారం ఆయనతో, “తగ్గు, ఇంకా తగ్గు,” అనేది. నాతో, “ఉండు, అక్కడే ఉండు,” అనేది. అలా ఇద్దరికీ రెండు రకాలుగా చెప్తే అసలు తావో, మీ గురువులు చెప్పిన ఆ దారి, ఏది టీచర్ అని అడిగాను. “ఇద్దరికీ ఒకే మాట చెప్తే ఒకరికి అబద్ధం చెప్పినట్టే,” అంది. ఇన్నేళ్ళలో ఎంతో మంది స్వాముల ప్రవచనాలు విన్నాను, ఏ ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు.

ఇదంతా ఇలా ఉండగా, ఏడేళ్ళ కిందట ఒక శుక్రవారం మా ఆయన స్వీట్ బాక్సుతో ఇంటికొచ్చారు. టెక్సాస్‌లో పెద్ద పొజిషన్. నెల రోజుల్లో జాయినవ్వాలి. ఆయన మొహం వెలిగిపోతోంది. నా కోర్సు మాట ఎత్తితే, “ట్రాన్స్‌ఫర్ చేసుకుందాంలే, అక్కడా కాలేజీలుంటాయిగా,” అన్నారు. నర్సింగులో మధ్యలో వదిలేస్తే వేరే రాష్ట్రంలో దాదాపు మొదట్నుంచీ మొదలుపెట్టాలి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా నోట్లోంచి ‘సరే’ వచ్చేసింది. నేను అనలేదు, అదే వచ్చింది, అలవాటు మీద.

మర్నాడు శనివారం క్లాసులో, వచ్చే నెల వెళ్ళిపోతున్నానని టీచర్‌కి చెప్పాను. కోర్సు సంగతీ చెప్పాను. వద్దు అంటుందని ఆశ పడ్డాను కాబోలు. ఎవరో ఒకరు నా తరఫున వద్దు అంటే బాగుండును అని. ఆవిడ మటుకు ముంజెయ్యి చాచింది.

“నన్ను తొయ్యి.”

ఆన్చాను.

“టెక్సాస్ మంచిది, ఎండగా ఉంటుంది. తొయ్యి.”

ఆన్చాను.

“మూడోసారి కదా. అలవాటే. తొయ్యి. మళ్ళీ ఇంకో కోర్సు. నీకు సర్దడం బాగా వచ్చు. అట్టపెట్టెలు కొన్నావా?”

నాకు ఏమైందో తెలీదు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఫార్మింగ్టన్ హిల్స్, ఐసెలిన్, నా మొహాన కొట్టినట్టున్న ఆ ‘అక్కడా కాలేజీలుంటాయిగా’, అన్నీ చేతుల్లోకి వచ్చేశాయి. రెండు చేతులతో తోశాను. ఆవిడ వెళ్ళి బాతుల రెట్టల మధ్య వెల్లకిలా పడింది.

చచ్చాననుకోండి. ఎనభై దాటిన మనిషి! “అయ్యో టీచర్!” అని పరిగెత్తాను. ఆవిడ గడ్డిలో కూచుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఫైర్‌మన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. “తొమ్మిదేళ్ళుగా తోస్తున్నాను, నాకు ఒక్కసారి కూడా అంగుళం కదల్లేదు,” అన్నాడు. ఆవిడ నాకు చెయ్యందించి లేస్తూ, “ఇదీ తప్పే. కానీ అటువైపు తప్పు. ఇప్పుడు నీకు రెండు తప్పులూ తెలుసు, మధ్యలో ఎక్కడో నిలబడొచ్చు,” అంది. వెస్టు వెనక అంటుకున్నదాన్ని నేను టిష్యూతో తుడుస్తుంటే, “సారీ అనలేదు నువ్వు,” అని మెచ్చుకుంది. నిజమే, కంగారులో మర్చిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయనతో చెప్పాను. “నేను రాను. నర్సింగ్ పూర్తి చేస్తాను.” ఆయన ముందు జోక్ అనుకున్నారు. తరవాత, “మొన్న సరే అన్నావుగా?” అన్నారు. “అన్నాను. తప్పు చెప్పాను,” అన్నాను. అప్పుడు గొంతు పెంచారు. తను ఇంత కష్టపడుతున్నది ఎవరికోసమని, అందరికీ చెప్పేశానని, ఈ వయసులో వేరు కాపురాలేంటని. మామూలుగా ఐతే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని, గిన్నెల చప్పుడు చేసేదాన్ని. ఆ రోజు లేవలేదు. అరవనూ లేదు. కుర్చీలో కూర్చుని ఆయన చెప్పిందంతా విని, “మీ బాధ నాకు అర్థమైంది. నేను రాను,” అన్నాను. ఆయన కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. నా కాళ్ళు క్లాసులో మొదటి రోజు వణికినట్టే వణికాయి.

సోమవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, షూస్ కూడా విప్పకుండా, “నేను ముందు వెళ్తాను. నువ్వు పూర్తి చేసి రా,” అన్నారు. అంతే. వెళ్ళారు, అపార్ట్‌మెంట్‌లో ఒక్కరూ ఉన్నారు, చారు పెట్టడం నేర్చుకున్నారు, నెలకి రెండుసార్లు విమానంలో వచ్చారు. నేను నర్సునయ్యాను. తరవాత ఆ కంపెనీయే ఆయన్ని ఇక్కడి ఆఫీసుకి పంపింది. ఆ ఆదివారం నేను పలికిన తీరుకే ఆయన కరిగారని ఏడేళ్ళూ లోపల్లోపల మురిసిపోయాను. నాలాగా ‘సరే’ అనడం అలవాటైన స్నేహితురాళ్ళకి పాఠం చెప్పినట్టు చెప్పాను కూడా.

నిన్న డ్యూటీ నుంచి వచ్చాక ఆయనకి ఫోటో చూపించి, టీచర్ పోయిందని చెప్పాను. కుంగ్‌ఫూ బామ్మ అంటారేమో, ఈ ఒక్కరోజు ఊరుకుంటే బాగుండును అనుకున్నాను. ఆయన ఫోన్ పట్టుకుని చాలాసేపు చూశారు. “ఆ రోజు కూడా ఈ బాతుల్ని ఇలాగే తిడుతోంది,” అన్నారు.

“ఏ రోజు? మీరెప్పుడు చూశారు ఆవిడని?”

“ఆ సోమవారం. ఆఫీసుకి పోకుండా అటు పోయాను. పోట్లాడదామని. మా ఇంటి సంగతి మీకెందుకు అని అడుగుదామని.”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“నీ భర్తనని చెప్పానో లేదో ఆవిడ చెయ్యి చాచి తొయ్యమంది. కోపం మీద ఉన్నానుగా, తోసేశాను. చూస్తే అక్కడ ఆవిడ లేదు. నేనే పోయి రెట్టల్లో మోకాళ్ళ మీద పడ్డాను.”

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

“లేపింది. ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసిచ్చింది. తాగుతుంటే ఒకటే అడిగింది. మీ భార్య చదువు పూర్తవడానికి ఇంకా ఎన్ని నెలలుంది అని.” ఆయన ఫోన్ నా చేతికిచ్చేశారు. “నాకు తెలీదు. అన్నేళ్ళ కాపురం, నాకు తెలీదు. ఏదో ఒక నంబరు చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ అలా చూస్తుంటే అబద్ధం రాలేదు. తెలీదన్నాను. ఆవిడ మూత తీసుకుని, తుడిచి, బిగించి, వెళ్ళిపోయింది.”

ముందు కోపమే వచ్చింది నాకు. నేను గెలిచాననుకున్నది నా ఒక్కదాని గెలుపు కాదా అని. ఏడేళ్ళపాటు ప్రతి శనివారం ఆవిడ పక్కనే నిలబడ్డాను, ఒక్కసారైనా చెప్పిందా! మీ ఆయన్ని పడేశాననో, నీ కాపురం నేను చక్కదిద్దాననో ఒక్క మాట? తర్వాత కోపం ఎటు పోయిందో పోయింది, కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. నాకు ఉండటం నేర్పింది, ఈయనకి తగ్గడం నేర్పింది, ఇద్దరికీ విడివిడిగా. ఇంకో గురువు ఎవరైనా ఐతే అటో ఇటో ఒకరికే చెప్పి పంపేసేవారు. ఆవిడకి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు ఇప్పుడు, ఇలా రాసుకోవడం తప్ప.

“పధ్నాలుగు నెలలు,” అన్నాను ముక్కు తుడుచుకుని.

“తెలుసు,” అన్నారు ఆయన. “పార్కు నుంచి తిన్నగా ఇంటికొచ్చాను, ఆఫీసుకి ఆ తరవాతే పోయాను. నువ్వు ఆస్పత్రిలో క్లినికల్స్‌కి వెళ్ళావు. ఫ్రిజ్ మీద నీ షెడ్యూల్ అంటించి ఉంది. దాని ముందు నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాను.”